కుమ్మరికి ఏడు, గుదియకు పెట్టు

ఈ పొద్దున కాఫీ తాగుతుండగా మా కొండాపూర్ అపార్ట్‌మెంటు పెద్దల వాట్సాప్ గ్రూపులో, పూలగుత్తులూ నమస్కారాల బొమ్మలూ తగిలించుకుని, మన సామెతల వెనుక మహత్తర రహస్యాలంటూ ఒకటి వచ్చి పడింది. ఇలాంటివి రాసేవాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఊరూ పేరూ లేని ఒక రాజుగారిని పట్టుకొచ్చి, ఆయన చేత ఏదో పరీక్ష పెట్టించి, చివర సామెత అనిపించేస్తే అదే చరిత్ర అయిపోతుంది, చదివినవాళ్లు అద్భుతమంటూ చేతులు జోడిస్తారు. ఇందులోనూ ఒక రాజుగారున్నారు. కుమ్మరి ఏడాదిపాటు కూర్చుని చేసిన ఒక్క కుండను ఆయన దుడ్డుకర్రతో పగలగొట్టించాడట, అందుకే 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అన్నారట. ఆ రాజుగారిని నేను గుర్తుపట్టాను. ఆయన్ని పుట్టించింది నేనే.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో నేను మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో అడ్మిన్ పని చూసేవాణ్ని. గుంటూరు వైపు నుంచి వచ్చినవాణ్ని, నాలుగు పద్యాలు నోటికి వచ్చినవాణ్ని కాబట్టి, ప్యాంట్రీ గోడకున్న బోర్డు మీద రోజుకో సామెత, దాని పుట్టుపూర్వోత్తరాలు అంటించే పని నాకు అప్పగించారు. అక్కడ సగం మందికి తెలుగు చదవడమే రాదు, వచ్చినవాళ్లు తలెత్తి చూడరు, అయినా మహా పండితుణ్నన్న భ్రమలో అర్థం తెలియని చోటల్లా నేనొక రాజుగారిని దింపేవాణ్ని.

బంద్ జరిగిన ప్రతిసారీ ఆ రోజు పనికి బదులు శనివారం రప్పించేవారు. అలాంటి ఒక శనివారం మా పెద్ద మేనేజరు నన్ను పిలిచి, మనం ఏళ్ల తరబడి కట్టుకున్న సిటీని వీళ్లు ఒక్క బంద్‌తో కూలగొడుతున్నారు, దానికి తగిన సామెత పెట్టమన్నాడు. ఆయన జన్మలో ఇటుక ముట్టినవాడు కాదు, నేనూ కాను. అయినా మహా ఉత్సాహంగా కుమ్మరి సామెత ఎత్తుకుని, దానికీ ఒక రాజుగారిని దింపాను.

మాకు టీ ఇచ్చే అక్క బోరబండ నుంచి వచ్చేది. ఆమె పుట్టింది కుమ్మరి ఇంట్లోనట, ఆ సంగతి మాలో ఒక్కరమూ అడిగిన పాపాన పోలేదు. ఆ మధ్యాహ్నం బోర్డు చదివి ఆమె పకపకా నవ్వింది.

"ఏంది సారూ, ఒక్క కుండకు ఏడాదా? మా నాయన పొద్దుగాల కూసుంటే పొద్దుగూకేలోపు ఎన్ని కుండలు జేస్తుండె! ఏడంటే మన్ను తవ్వినకాడికెళ్లి ఆవం కాల్చేదాక ఇంటిల్లిపాది పడే గోస." అంతలో నవ్వు ఆపేసి, "గిది కుండ జేసినోడు అనుకునే మాట సారూ, కుండల నీళ్లు తాగెటోళ్లు అనేది గాదు," అంది.

నేను వినిపించుకోనట్టు నటించాను. సోమవారం చూస్తే ఆ ఆఖరి మాట బోర్డు మీది నా కాగితం చివర పెన్నుతో రాసి ఉంది.

మేనేజరు మండిపడ్డాడు, ఆఫీసులోకి ఉద్యమం తెచ్చిందెవరని అడిగాడు. తెలియదంటే సరిపోయేది. చెప్పేశాను. ఉద్యమం మీద కోపంతో చెప్పానని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను గానీ, అసలు మంట అది కాదు, టీ ఇచ్చే మనిషి నా పాండిత్యంలో తప్పు పట్టిందని. ఆ వారమే కాంట్రాక్టరు ఆమెను పనిలోంచి తీసేశాడు. వెళ్లే రోజు నా బల్ల మీద టీ పెట్టి, "ఫికర్ జెయ్యకు సారూ, రాసింది నేనే గద," అని పోయింది. నాలుగు తిట్టిపోయినా బాగుండేది.

రాష్ట్రం వచ్చింది, మా పాత ఆఫీసును తలదన్నే భవనాలు దాని చుట్టూ లేచాయి, అక్కడిప్పుడు మీట నొక్కితే టీ వస్తుందట. మీట తప్పులు పట్టదు, మాలాంటివాళ్లకు అదే సుఖం.

ఇవాళ గ్రూపులో, ఆ కథ ఒట్టి అబద్ధమని, అక్క చెప్పిన అర్థం రాశాను. ఏ గ్రంథంలో ఉందండీ అన్నాడొకాయన. శంఖంలో పోస్తేగాని తీర్థం కాదు మన తరానికి. పోనీ ఎవరు చెప్పారండీ అన్నాడు ఇంకొకాయన. పేరు రాద్దామని ఫోను ముందుకు తీసుకున్నాను. ఐదేళ్లు ఆమె చేతి టీ తాగాను, పేరు తెలియదు. టీ ఇచ్చే ఆమె అని రాయడానికి ఇప్పటికీ వేలు ఆడలేదు. ఎవరో పెద్దలు చెప్పారని రాశాను. వెంటనే నమస్కారాలు మొదలయ్యాయి.