కరెంటుంటేనే ప్రార్థన

మా అక్క ఎలీసమ్మను చేసుకున్న ప్రేమదాసు బావంటే నాకు మొదటినుంచీ గిట్టదు. ఇప్పటికీ గిట్టదు. సత్తెనపల్లి అవతల మా పల్లెలో ఆయన సంఘ పెద్ద. పగలు పత్తి మిల్లులో గుమాస్తా, తెల్లవారేసరికి మైకు ముందు భక్తుడు. చర్చి మీది మైకును ఊరి వైపు తిప్పి కట్టించింది ఆయనే. వేకువ ప్రార్థన మొదలుపెడితే చేలల్లో ఉన్నవాళ్ళకు కూడా వినపడాల్సిందే. దేశం, రాష్ట్రం, కలెక్టరు, పత్తి ధర, కానుకలిచ్చిన వాళ్ళ ఇంటిపేర్లు, అన్నీ దేవుడికి అప్పజెప్పి చివర్లో గొంతు వణికించేవాడు. ఆ వణుకు ఎక్కడ వస్తుందో నాకు కంఠతా వచ్చు.

కరెంటు పోయిన రోజున మాత్రం ప్రార్థన ఉండేది కాదు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. చర్చి గుమ్మంలో నిలబడి, "కరెంటు లేదమ్మా, రేపు చూద్దాం," అని వచ్చినవాళ్ళను వెనక్కి పంపేవాడు. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాడు. ఆ పూట దేవుడికి కూడా సెలవే.

అక్క సంగతి వేరు. మిరపకాయల కోతకు బయలుదేరే ముందు వంటింటి తలుపు వేసుకుని గోనెపట్టా మీద మోకరించేది. కూలికి పిలవడానికి వచ్చిన ఆడవాళ్ళు బయట కేకలేస్తున్నా, పొయ్యి మీద అన్నం పొంగిపోతున్నా లేచేది కాదు. ఏం అడిగేదో, ఎవరి కోసం ఏడ్చేదో ఎవరికీ తెలియదు. స్త్రీల కూటంలో ప్రార్థన చెయ్యమంటే మాత్రం తల అడ్డంగా ఊపేది.

"మా ఆవిడకి ప్రార్థన రాదండీ," అని బావ నలుగురిలో నవ్వేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. అక్క కూడా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు మీద కూడా నాకు కోపమే.

ఆయన్ని అక్క ఏళ్ళ తరబడి అడిగింది ఒక్కటే. "మనిద్దరమే తలుపేసుకుని ఒక్కసారి ప్రార్థన చేసుకుందామండీ."

"చర్చిలో చేస్తన్నాగా, నీక్కూడా కలిపి," అనేవాడు. తీరిక మాత్రం ఎప్పుడూ దొరకలేదు.

2004 వేసవిలో అక్క గుండె బాగా చెడింది. ఇక ఇంటికి తీసుకెళ్ళమని గుంటూరులో డాక్టర్లు చెప్పేశారు. మంచం మీద నుంచి అక్క మళ్ళీ అదే అడిగింది. సంఘాన్ని పిలుచుకొస్తానని బావ చెప్పులేసుకున్నాడు. అక్క వద్దంది. నన్ను కూడా బయటికి పొమ్మని తలుపు వేయించింది. నేను పంచలో కూర్చున్నాను. ఆయన గొంతు తలుపుకు ఆగే రకం కాదు.

"సంఘమా, కళ్ళు మూసుకుందాం," అన్నాడు.

లోపల ఉన్న సంఘం మా అక్క ఒక్కతే. దేశం వచ్చింది, కలెక్టరు వచ్చాడు, పత్తి ధర కూడా వచ్చింది. చివరికి గొంతు వణికించి, "వ్యాధితో ఉన్న ఈ సహోదరిని జ్ఞాపకం చేసుకో ప్రభువా," అన్నాడు. ఇన్నేళ్ళు తనకు అన్నం వండిపెట్టిన మనిషి పేరు ఆయన నోటికి రాలేదు. నాకు లోపలికి వెళ్ళి ఆయన చొక్కా పట్టుకోవాలనిపించింది.

"అందరూ ఆమెన్ చెప్పండి."

ఎవరూ చెప్పలేదు.

"ఆ సహోదరి ఎవరండీ?" అని అక్క అడిగింది.

మంచం పక్కన స్టూలు కిర్రుమంది. "పోనీ, నువ్వు చెయ్యి," అన్నాడు బావ. ఆ గొంతులో వణుకు లేదు.

తర్వాత చాలాసేపు నాకేమీ వినపడలేదు. ఆయనకూ వినపడలేదేమో.

"కాస్త గట్టిగా చెయ్యవే, వినపడట్లా."

"మీకు చెప్పట్లేదు లెండి," అంది అక్క.