ఒక్క బేసు దగ్గర జెనిఫర్ వదిన

అవనిగడ్డ పక్కన బేస్‌బాల్ ఏమిటని నవ్వేవాళ్ళు ఒకసారి కోడూరు వెళ్ళి కనుక్కోండి. ఆ మధ్య అక్కడి గ్రౌండులో ఒకడు కొట్టిన బంతి గాల్లోకి లేచి, కాలవలూ చేలూ రొయ్యల చెరువులూ దాటి, పాలకాయతిప్ప దగ్గర జాలరి విసిరిన వలలో పడింది. ఆయన అదేదో సముద్రపు గుడ్డనుకుని ఇంటికి పట్టుకెళ్తే వాళ్ళావిడ పులుసు పెట్టింది. గుడ్డు ఎంతసేపటికీ ఉడకలేదు. పులుసు మాత్రం అద్భుతం. నేను మారు వడ్డించుకున్నాను.

ఆ బంతికి వేలు గాల్లో తిప్పి హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, ఇచ్చిన అంపైరు మా జెనిఫర్ వదిన. ఇది ఆవిడ కథ. బంతి విషయంలో ఉప్పూ కారం కాస్త ఎక్కువ పడ్డాయేమో గానీ, వదిన విషయంలో ఒక్క ముక్క కల్పించను. భక్తితో కాదు, భయంతో. ఆవిడ ఇది చదువుతుంది.

నా పేరు విల్సన్. ఆటో నడుపుతాను. పదో తరగతి లెక్కల పరీక్షలో ప్రశ్నపత్రానికి ఒక నమస్కారం పెట్టి బయటికి వచ్చినవాణ్ణి మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. చదువు నాకోసం ఇప్పటికీ ఎదురుచూస్తోందని విన్నాను. మా పెదనాన్న కొడుకు కిరణ్ కుమార్ అన్నయ్య భార్యే జెనిఫర్ వదిన. అవనిగడ్డలో ఒక ప్రైవేటు స్కూల్లో ఆటల టీచరు. ఏ పనైనా తను చేస్తేనే అయినట్టు లెక్క. చర్చిలో పాట ఎత్తేది ఆవిడే, డోలక్ వాయించేవాడు లయ తప్పితే కళ్ళతో సరిచేసేదీ ఆవిడే, ఆరాధన అయ్యాక కుర్చీలు సర్దేదీ ఆవిడే.

"పాస్టరు గారిని కూడా కూర్చోబెట్టి ప్రసంగం నువ్వే చెప్పెయ్ వదినా" అన్నానొకసారి.

"అడిగితే చెప్తా. నీమీదే చెప్తా. ముందు వరసలో కూర్చో" అంది. అప్పట్నుంచి నాది చివరి వరస.

ఆట తెలియనివాళ్ళకి రెండు మాటలు. బేస్‌బాల్ మైదానానికి నాలుగు మూలలు. బంతి కొట్టినవాడు ఒకటో బేసు, రెండో బేసు, మూడో బేసు తొక్కుకుంటూ, బయల్దేరిన చోటికి, అంటే హోమ్‌కి చేరితే ఒక పరుగు. దారిలో బంతి ఉన్న చేత్తో అవతలివాళ్ళు తాకితే ఔట్. పెద్ద ఆటల్లో మూలకొక అంపైరు ఉంటాడు. మా దివిసీమలో మూలకొకరు ఎక్కణ్ణుంచి వస్తారు? నాలుగు తలలు ఒకచోట చేరాలంటే పేకాటైనా ఉండాలి, పెళ్ళైనా ఉండాలి. అందుకని ఎనిమిదేళ్ళుగా వదిన ఒక్కతే నాలుగు మూలలూ చూసింది. రెండో అంపైరుగా అప్పుడప్పుడు కోడూరు నుంచి జ్ఞానయ్య గారు వచ్చేవారు. ఆయన శరీరం ఆయన మాట వినదు. నిలబడ్డ చోటే నిలబడి "నువ్వు వెళ్ళమ్మా, నేనిక్కడ చూస్తుంటా" అనేవారు. వదిన వెళ్ళేది. బంతి ఎటు పోతే వదిన అటు. ఆటగాళ్ళకంటే ఆవిడే ఎక్కువ పరిగెత్తేది. ఒకసారి ఒక రన్నర్ కంటే ముందు హోమ్ చేరి, "ఏరా, ఇంకా రాలేదే?" అని అడిగిందంటే నమ్మండి.

ఇంత చేసినా వదిన జిల్లా అంపైరుగానే ఉండిపోయింది. నేషనల్ ప్యానెల్‌కి వెళ్ళాలంటే ముగ్గురు అంపైర్లున్న ఆటల్లో, నలుగురున్న ఆటల్లో నిలబడిన అనుభవం కావాలన్నారు. ముగ్గురి ఆట గుడివాడలో దొరికింది. ఆ ముగ్గురిలో ఒకాయనకి రెండో ఓవర్లోనే పిక్క పట్టేసి... (ఓవర్ అంటే వదిన కొడుతుంది, ఇన్నింగ్స్ అనాలి) రెండో ఇన్నింగ్స్‌లోనే పిక్క పట్టేసి షామియానా కిందికి పోయారు. ఆయన వాటా వదినే పరిగెత్తింది. అందరూ మెచ్చుకున్నారు. అదే కొంప ముంచింది.

నలుగురి ఆట బందరులో, రాష్ట్ర స్థాయి పోటీల్లో వచ్చింది. అంపైర్లకి పెద్ద రామమూర్తి గారు. గుడివాడలో టీచరుగా రిటైరైన మనిషి. మెత్తగా మాట్లాడతారు. ఆ పోటీల్లోంచి నేషనల్ ప్యానెల్‌కి ఒక్క పేరు ఆయన చెప్పాలి. వదినకి కావలసింది ఆ ఒక్క పేరు తనది కావడం.

"ఎన్ని బేసులు చూడమంటే అన్నీ చూస్తానండీ" అంది వదిన, పరిచయం అవగానే.

"ఒక్కటి చాలమ్మా" అన్నారాయన.

హోమ్ దగ్గర రామమూర్తి గారు, ఒకటో బేసు దగ్గర వదిన. రెండో బేసు దగ్గర బాబూరావు గారని ఉయ్యూరు ఆయన. మూడో బేసు దగ్గర సుధన్వ అని బందరులోనే బ్యాంకులో పనిచేసే కుర్రాడు. నేను గ్యాలరీలో, నా చుట్టూ పదిమందికి "ఆ టోపీ ఆవిడ మా వదిన" అని చెప్పుకుంటూ.

ఆట సగంలో ఉండగా ఒకడు కుడివైపుకి బంతి బాదాడు. ఒకటో బేసు మీదున్న రన్నర్ రెండోది దాటి మూడోదానికి పరుగు తీశాడు. వదిన కూడా తీసింది. ఒకటో బేసు నుంచి మూడో బేసుకి, మైదానం మధ్యలోంచి అడ్డంగా, ఎనిమిదేళ్ళ అలవాటు మొత్తం కాళ్ళలో పెట్టుకుని. బంతి వచ్చింది, చెయ్యి తగిలింది, దుమ్ము లేచింది.

"ఔట్!" అంది వదిన పిడికిలి బిగించి.

"సేఫ్!" అన్నాడు సుధన్వ చేతులు చాచి, అదే క్షణంలో, ఆవిడ పక్కనే.

గ్రౌండంతా ఒక్కసారే గోల. ఒక కోచ్ పరిగెత్తుకొచ్చి, "ఏవండీ, మా కుర్రాడు నడుం పైన ఔటా, నడుం కింద సేఫా? తేల్చండి, ఆ సగాన్నే ఆడిస్తాం" అన్నాడు. ఇంతలో అవతలి జట్టు కెప్టెన్ మరో మాట తెచ్చాడు. "బంతి కొట్టినవాడు ఒకటో బేసు తొక్కలేదండీ. పక్కనుంచి పోయాడు. మేడమ్, మీరు చూశారు కదా?"

వదిన చూడలేదు. ఒకటో బేసు దగ్గర ఆ సమయంలో ఉన్నది బేసు ఒక్కటే.

రామమూర్తి గారు నలుగురినీ దగ్గరికి పిలిచారు. మూడో బేసు సుధన్వది కాబట్టి సేఫ్ అన్నారు. ఒకటో బేసు ఎవరూ చూడలేదు కాబట్టి ఔట్ ఇవ్వలేమన్నారు. గ్యాలరీలో నా పక్కాయన, "మీ వదినేనా అండీ?" అని అడిగాడు. "దూరపు చుట్టం" అన్నాను.

భోజనాల దగ్గర వదిన సాంబారన్నం కలుపుతోంది గానీ తినడం లేదు. రామమూర్తి గారు విస్తరి పట్టుకొచ్చి పక్కన కూర్చున్నారు.

"నాకు ఔటే కనిపించిందండీ" అంది వదిన, ఆయన అడక్కముందే.

"ఔటే అయ్యుండొచ్చమ్మా. నేను కాదనట్లేదు. కానీ అది నువ్వు చూడవలసింది కాదు. నువ్వు చూడవలసింది చూడ్డానికి మాకు ఇంకో మనిషి లేడు."

వదిన అన్నం కలపడం ఆపింది.

"ఒక్కదానివే చేసినన్నాళ్ళూ నువ్వు బంతి వెంట పోయావు. సరిపోయింది. నలుగురున్నప్పుడు బంతి వెంట పోకూడదు. పక్కవాళ్ళు ఎటు కదిలారో చూసి, వాళ్ళు ఖాళీ చేసిన చోటికి పోవాలి. రేపు ఫైనల్లోనూ నిన్ను ఒకటో బేసు దగ్గరే పెడుతున్నా. మళ్ళీ ఇలాగే జరిగితే నీ పేరు చెప్పలేనమ్మా. చెప్తే అక్కడ నువ్వే నలిగిపోతావు."

ఆయన మజ్జిగ కోసం లేచి వెళ్ళాక సుధన్వ వచ్చాడు. వదిన, "సారీ తమ్ముడూ" అంది.

"పర్లేదక్కా. మీరొస్తున్నారని ఒక్క కేక వేసుంటే నేను కాఫీకి వెళ్ళొచ్చేవాణ్ణి" అన్నాడు వాడు. వదిన నవ్వింది. అన్నం అప్పుడు తింది.

ఆ సాయంత్రం ఎండ వాలాక వదినా, సుధన్వా, బాబూరావు గారూ ఖాళీ గ్రౌండులో సాధన మొదలుపెట్టారు. రన్నర్ కావాలన్నారు. నేను ఒప్పుకున్నాను. నా పరుగు సంగతి మీకు తెలియదు; బందరు రోడ్డు మీద నా నీడ నాకంటే వెనక వస్తుంది. నేను పరిగెత్తడం, వదిన నా వెంట పడటం, సుధన్వ "అక్కా, మీది కాదు!" అని అరవడం. మళ్ళీ మొదటినుంచి.

"వదినా, నీ కాళ్ళకి ఆటో తాడు కట్టనా?"

"నీ నోటికి కట్టు, నాకు వినపడట్లేదు."

చివరికి బాబూరావు గారు ఒక ఉపాయం చెప్పారు. "బంతి కొట్టగానే దాన్ని చూడకమ్మా. ముందు నన్ను చూడు. నేను వెళ్తుంటే 'వెళ్తున్నా' అని అరుస్తాను. నువ్వు ఎక్కడికి పోతున్నావో నువ్వూ అరిచి చెప్పు." ఎనిమిదేళ్ళలో వదిన మైదానంలో ఇంకో అంపైరుని చూడటం అదే మొదటిసారి. కదిలిందెవరని చూస్తుంది? చర్చిలో మైకు అక్కర్లేకుండా పాడే మనిషి "నేనొస్తున్నా" అనడానికి మొదట్లో సిగ్గుపడింది. నా ఊపిరి ఆగిపోయే వేళకి ఆవిడకి అలవాటైంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే వదిన మొదటి ఆరాధనకి వెళ్ళి, వెనక వరసలో నా పక్కనే కూర్చుని, అట్నుంచి అటే గ్రౌండుకి వచ్చింది.

ఫైనల్లో మన జిల్లా జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. ఆఖరి ఇన్నింగ్స్, రెండు ఔట్లు అయిపోయాయి, ఒకటో బేసు మీద మనవాడు. ఇంకొక్క ఔటైతే ఆట ముగుస్తుంది. అప్పుడు మన బ్యాటర్ కొట్టాడు చూడండీ! బంతి ఫీల్డర్ల తలల మీదుగా వెనక కంచె వైపు దూసుకుపోయింది. క్యాచో కాదో చూడటానికి బాబూరావు గారు "వెళ్తున్నా!" అని అటు పరుగెత్తారు. ఆయన వదిలిన రెండో బేసుకి మూడోదాని నుంచి సుధన్వ జరిగాడు. సుధన్వ వదిలిన మూడో బేసుకి రామమూర్తి గారు హోమ్ నుంచి బయల్దేరారు, ఆ వయసులో, టోపీ ఎగిరిపోతుంటే. హోమ్ దగ్గర ఇప్పుడు అంపైరు లేడు.

వదిన బంతిని చూడలేదు. బాబూరావు గారిని చూసింది. ఒకటో బేసు తొక్కుతున్న బ్యాటర్ పాదాన్ని చూసింది. వెంటనే తిరిగి, "హోమ్ నాది! నేనొస్తున్నా!" అని కేక వేసింది. ఆ కేక మోపిదేవి గుళ్ళో క్యూలో ఉన్నవాళ్ళకి వినపడింది. ఇందులో అతిశయోక్తి సగమే.

బంతి నేలమీద పడింది. మనవాడు మూడో బేసు తిరిగి హోమ్‌కి వస్తున్నాడు. కంచె దగ్గర్నుంచి బంతి చేతులు మారి అదీ వస్తోంది. వాడు జారాడు, హోమ్ దగ్గర బంతి అందుకునే క్యాచర్ వంగాడు, ఇద్దరూ దుమ్ములో కలిసిపోయారు. వదిన మోకాళ్ళ మీద చేతులు పెట్టి, తల వంచి, వాళ్ళకి జానెడు దూరంలో ఉంది.

"సేఫ్! సేఫ్ వదినా!" అని నేను గొంతు చించుకున్నాను.

దుమ్ము సర్దుకునేదాకా ఆవిడ ఆగింది. పిడికిలి లేచింది. "ఔట్!"

మన జిల్లా ఓడిపోయింది. గ్యాలరీ అరిచింది. నేనూ అరిచాను, అబద్ధమెందుకు? మన కోచ్ సరాసరి మూడో బేసు దగ్గరికి పరిగెత్తాడు. "సార్, మీరు పెద్దవారు. మీరు చెప్పండి, ఔటా అది?"

రామమూర్తి గారు ఆయాసపడుతూ ఎగిరిపోయిన టోపీ వెతుక్కుంటున్నారు. "నేనిక్కడున్నానండీ. హోమ్ ఆవిడ చూశారు. ఆవిడ ఔటంటే ఔటే."

కోచ్ కాసేపు గునిసి వెళ్ళిపోయాడు. నలుగురు అంపైర్లూ ఒక్కచోట చేరారు. నేను గ్యాలరీ దిగి, ఇందాక అరిచింది నేను కానట్టు మొహం పెట్టి, మంచినీళ్ళ సీసా అందించాను.

"నీ పేరే చెప్తున్నానమ్మా" అన్నారు రామమూర్తి గారు. "అయితే ఒక మాట. అక్కడ పెద్ద ఆటలకి ఆరుగురుంటారు. కొత్తవాళ్ళని దూరంగా గీత పక్కన గడ్డిలో నిలబెడతారు. మ్యాచంతా ఒక్క బంతి కూడా నీ వైపు రాకపోవచ్చు. ఫరవాలేదా?"

వదిన సీసా ఎత్తి గుటగుటా తాగి, మూతి తుడుచుకుంది. నేనైతే ఆవిడ ఇంకో రెండు మూలలు అడుగుతుందనుకున్నాను.

"మిగతా ఐదుగురూ ఎవరండీ?" అంది. "వాళ్ళ ఫోన్ నంబర్లు ఇప్పించండి. ముందే మాట్లాడుకుంటాం."