తప్పొప్పుల పట్టికలో పన్నెండో వరుస

నా దస్తూరి బాగుంటుంది. ఈ మాట నేను చెప్పుకోకూడదు కానీ, చెప్పేవాళ్లందరూ రిటైరైపోయారు కాబట్టి నేనే చెప్పుకోవాల్సి వస్తోంది. విజయవాడలో ఒక పాత కాలేజీ లైబ్రరీలో ముప్పై ఏళ్లు పనిచేశాను. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఒక పెద్ద రిజిస్టర్లో ఎక్కించడం నా పని. ఆ రిజిస్టర్లో ఒక్క కొట్టివేత లేదని ఊరంతా చెప్పుకునేదాన్ని. ఆ గొప్పకి చివరికి ఏ గతి పట్టిందో ఇప్పుడు చెబుతున్నాను.

ఊళ్లోని బడి గుమ్మం తొక్కనివ్వని పేటల పిల్లల కోసం మిషనరీలు ఒక బడి పెట్టారు. అదే పెరిగి మా కాలేజీ అయింది. ఆ పేటల నుంచి వచ్చినవాళ్లు అక్కడే చదువుకుని, అక్కడే పాఠాలు చెప్పి, థీసిస్‌లు రాశారు. చెరుకు కొట్టే కూలీల పాటల మీద ఒకరు, తోలు పనిలో వాడే మాటల మీద ఒకరు, మంత్రసానుల వైద్యం మీద ఇంకొకరు. వాటిని మరెక్కడా ఎవరూ దాచలేదు. మా దగ్గర మాత్రం నాలుగు బీరువాల నిండా ఉండేవి. బుడమేరు పొంగిన ఏడాది కింది అరల్లోకి నీళ్లొచ్చి కొన్ని ముద్దయిపోయాయి. అప్పటికి గానీ కాలేజీవాళ్లకు బీరువాలు గుర్తు రాలేదు.

ప్రిన్సిపాల్ గారు ఏదో ఆన్‌లైన్ మీటింగులో ఒక సంగతి విన్నారట. అమెరికాలో నల్లవాళ్ల కోసం పుట్టిన కాలేజీలు తమ పాత థీసిస్‌లనూ పరిశోధనలనూ స్కాన్ చేసి, ఎవరైనా వెతికి చదువుకునేలా ఇంటర్నెట్‌లో పెడుతున్నాయట. రిటైరై భవానీపురంలో ఉన్న నాకు ఫోన్ చేసి, మన కాలేజీ కథ కూడా అదే కదా మేడమ్, మనమూ చేద్దాం అన్నారు. అక్కడ కూడా కాగితాలకు పురుగు పడుతుందా అని అడిగాను. ఆయన నవ్వలేదు. రేపటి నుంచి రమ్మన్నారు.

స్కానింగుకి ఉయ్యూరు నుంచి రోజూ బస్సులో వచ్చే ఒకావిడను పెట్టారు. ఆవిడ చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే చురుకు. టైపు అక్షరాలను చదివే కంప్యూటర్‌కి మాత్రం 'ప'కీ 'వ'కీ తేడా తెలియదు. డెల్టాలో పంట కూలీల మీద ఎవరో చెమటోడ్చి రాసిన థీసిస్ అంతా వంట కూలీల మీదికి మళ్లింది. నేను తల పట్టుకుంటే, పోనీలెండి మేడమ్, పండించినవాళ్లు వండుకుంటే తప్పేముంది అని ఆవిడ నన్నే ఓదార్చింది. ఇద్దరం కూర్చుని మూడు రోజులు దిద్దాం.

పనికి రెండు నియమాలు పెట్టారు. బైండులో ఉన్న ప్రతి కాగితాన్నీ, ఖాళీది అయినా సరే, స్కాన్ చేయాలి. రచయిత పేరు పుస్తకంలో ఎలా ఉంటే అలాగే ఎక్కించాలి. రెండూ నేను చెప్పినవే. ప్రిన్సిపాల్ గారు కింద సంతకం పెట్టి గోడకు అంటించారు.

మూడో బీరువాలో మా మేడమ్ గారి థీసిస్ దొరికింది. ఆవిడ నాకు డిగ్రీలో తెలుగు చెప్పారు. తర్వాత అదే కాలేజీలో నేనూ చేరాను. ఆవిడ పరిశోధన డెల్టా పేటల్లో మనుషుల పేర్ల మీద. ఎవరికి ఏ పేరు ఎందుకు పెట్టారు, బడి రిజిస్టర్లో చేరేసరికి ఆ పేరు ఏమైంది అన్నది విషయం. అందులో ఒకచోట ఒక బాలిక గురించి ఉంది. తండ్రి ఆమెకు బైబిల్లోని ఒక రాణి పేరు పెట్టుకున్నాడు. బడిలో చేర్చబోతే, పేటపిల్లకి రాణి పేరెందుకురా అని పెద్ద మాస్టారు గోడమీది క్యాలెండర్ చూసి, ఆ రోజు ఏ వారమో ఆ వారం పేరు రాసేశారు.

ఆ బాలిక మా మేడమే. క్లాసులో ఈ సంగతి ఆవిడే నవ్వుతూ చెప్పేవారు. ఆదివారం బడి లేదు కాబట్టి ఆ పేరొక్కటే తప్పిపోయిందిగానీ, అది దొరికి ఉంటే చర్చికైనా పనికొచ్చేది అనేవారు. పేర్ల మీద అంత పుస్తకం రాసిన మనిషికి అట్టమీద మాత్రం వారం పేరే ఉంది. నా రిజిస్టర్లోనూ అదే ఉంది, ముత్యాల్లాంటి అక్షరాల్లో. పుస్తకం వచ్చిన రోజున ఆవిడ నా బల్ల దగ్గర నిలబడి, పక్కన మా నాన్న పెట్టిన పేరు కూడా రాయగలవా అమ్మా అని అడిగారు. రికార్డులో ఉన్నదే రాయాలండీ అన్నాను. సరేనమ్మా అని వెళ్లిపోయారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

అట్టమీది పేరు ఎక్కించమంటారా మేడమ్ అని స్కానింగావిడ అడిగింది. సోమవారం దాకా ఆగమన్నాను. ముప్పై ఏళ్లు గేటు దగ్గర పిల్లల సంచులు తడిమిన నేను, ఆ సాయంత్రం మేడమ్ గారి థీసిస్‌ని గోంగూర కట్టల కింద పెట్టి బయటికి తెచ్చాను. వాచ్‌మన్ నమస్కారం పెట్టాడు. కొత్తగా దొంగతనం నేర్చినదాన్ని, రెండు కట్టలు అతని చేతిలో పెట్టి మరీ వచ్చాను.

మర్నాడు బస్సెక్కాను. ఉయ్యూరు దగ్గర చక్కెర ఫ్యాక్టరీ వాసన వస్తుంటే ముక్కు మూసుకున్నాను, సంచి మాత్రం వదల్లేదు. మేడమ్ గారు కూచిపూడి దాటాక ఒక ఊళ్లో ఉంటారు. ఎనభై దాటాయి. చూపు మందగించింది, నాలుక మాత్రం అలాగే ఉంది.

"ఎత్తుకొచ్చావా?" అన్నారు పుస్తకం తడిమి చూసి. "బాగుపడ్డావమ్మా."

పేరు సంగతి చెప్పాను.

"ఆ పేరు మీద జీతం తిన్నాను, పెన్షన్ తింటున్నాను. దానిమీద నాకు కోపం లేదు. పుస్తకం మాత్రం నాది కదా. నేను పోయాక ఎవరన్నా వెతికితే, మా నాన్న పెట్టిన పేరుతో దొరకాలి."

నియమం అడ్డొస్తోంది, అది పెట్టింది కూడా నేనే అని ఒప్పుకున్నాను. ఆవిడ పుస్తకం చివరి పేజీ తీయమన్నారు. అక్కడ తప్పొప్పుల పట్టిక ఉంది. పుట, పంక్తి, తప్పు, ఒప్పు అని గళ్లు గీసి, టైపులో దొర్లిన తప్పులు పదకొండు వరుసల్లో ఇచ్చారు. కింద సగం పేజీ ఖాళీ. పెన్ను అడిగారు. నేను రాసిపెట్టనా అన్నాను.

"వద్దమ్మా. నీ దస్తూరితో ఒకసారి రాశావుగా."

పెన్ను ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ భూతద్దం పెట్టుకుని, అక్షరం అక్షరానికీ ఆగుతూ, పన్నెండో వరుస రాశారు. పుట: అట్ట. పంక్తి: మూడు. తప్పు అన్న గడిలో వారం పేరు. ఒప్పు అన్న గడిలో రాణి పేరు. రాశాక చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

సోమవారం పుస్తకం బీరువాలోకి దొంగతనంగానే చేరింది. ప్రతి కాగితమూ అన్నారు కాబట్టి స్కానింగావిడ ఆ పేజీ కూడా స్కాన్ చేసింది. రచయిత ఏది ఒప్పని రాశారో అదే పేరు గడిలో టైపు కొట్టింది, పాతది 'ఇతర పేర్లు' కిందికి దించింది. ఇంటర్నెట్‌లోకి పంపేముందు ప్రిన్సిపాల్ గారు చూడాలి. ఆయన ఆ పేజీ దగ్గర ఆగారు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"మేడమ్, ఈ ఇంకు కొత్తగా ఉందే."

"ఇంకు కొత్తదేనండీ. తప్పు పాతది."

ఆయన గోడమీద తన సంతకం ఉన్న కాగితం వైపు ఒకసారి చూశారు. నొక్కాల్సిన చోట నొక్కారు.

ఆ సాయంత్రం లైబ్రరీ నుంచే మేడమ్ గారికి ఫోన్ చేసి, తెరమీద వచ్చింది వచ్చినట్టు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నారు. చదివాను. నాకు ఏడుపొచ్చింది, దగ్గులా కప్పిపుచ్చాను.

"మరి నీ రిజిస్టరో?" అన్నారు.

రిజిస్టరు తీశాను. ఆ పేజీ వెతకనక్కర్లేకపోయింది, అన్నేళ్లూ అది ఎక్కడుందో నాకు తెలుసు. స్కేలు పెట్టి, నా ముత్యాల్లాంటి అక్షరాల మీద ఎర్ర ఇంకుతో గీత గీసి, పైన మేడమ్ గారి పేరు రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. దిద్దకుండా మూసేశాను.