గోడ పక్క కల్యమాకు

పిల్లల్ని ఇంత పొందికగా, ఏదీ పారేయకుండా ఎలా పెంచావమ్మా అని మీ అమ్మ స్నేహితురాళ్లు నన్ను అడుగుతుంటారు. ఇంట్లో ప్లాస్టిక్ సంచి కనపడదు, అన్నం గిన్నె కడిగిన నీళ్లు కూడా మోరీలోకి పోవు, ఇదంతా నువ్వే నేర్పావా అంటారు. సగం నేర్పాను. మిగతా సగం మీ అమ్మే నాకు నేర్పింది, దాని మూడో తరగతిలో. అది చెప్తాను, రాసుకో. ఒత్తులు తప్పితే తప్పనీ బిడ్డా, తర్వాత దిద్దుకుందాం. ఆగి ఆగి రాస్తే నేను చెప్పేది మరిచిపోతాను.

అప్పుడు మేం చంద్రపూర్‌లో పవర్‌హౌస్ క్వార్టర్లలో ఉండేవాళ్లం. మీ తాత అక్కడ ఎలక్ట్రీషియన్. మా ఊరు ఆదిలాబాద్ వైపు. పెళ్లయ్యాక రైల్లో విరూర్ దాటి వచ్చి ఆ క్వార్టర్లో కాలు పెట్టాను. మరాఠీ నాకు కూరగాయల బజారుకు సరిపడా వచ్చేది, అంతకు మించి రాలేదు. మీ అమ్మ సంగతి వేరు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో మరాఠీ. మూడూ కలిసి నోట్లో ముద్దయిపోయేవి. క్లాసులో నోరు తెరిస్తే నడుమ ఒక తెలుగు మాట జారేది, పిల్లలు నవ్వేవాళ్లు. తెలంగీ అని పిలిచేవాళ్లు. అది తిట్టేం కాదు, తెలుగువాళ్లని అర్థం. కానీ పిల్లలు తలుచుకుంటే ఏ మాటనైనా తిట్టుగా మార్చగలరు. దాంతో మీ అమ్మ బడిలో మాట్లాడటమే మానేసింది.

ఆ ఏడు ఉగాది, అక్కడివాళ్లకు గుడీ పాడ్వా అనుకో, అది అయిన మర్నాడు వాళ్ల టీచరు తలా ఒక మొక్క ఇచ్చింది. టీచరమ్మను అక్కడ బాయి అంటారు. వానల్లో మొక్కను ఎవరైనా పెంచుతారు, ఎండాకాలం దాటించి చూపండి అందట ఆ బాయి. చంద్రపూర్ ఎండల్లో మనిషి దాటడమే గొప్ప. జూన్‌లో బడి తెరిచేసరికి ఎవరి మొక్క బతికుంటుందో ఆ పిల్లలకే బడి వెనక తోట అప్పజెప్తానని మాటిచ్చింది. చివరి పీరియడు వాళ్లు క్లాసులో కూర్చోనక్కర్లేదు, తోటలో పని చేసుకోవచ్చు.

మీ అమ్మ ఇంటికొచ్చి నాతో అన్నది ఇదీ.

"తోటల పని దొరికితె మంచిగుంటదమ్మా. ఆడ ఎవలతోని మాట్లాడే పని లేదు."

మొక్క చచ్చిపోతే చచ్చిపోయేది మొక్క ఒక్కటే కాదని నాకు అప్పుడే తెలిసింది.

మొక్కను చేతికి తీసుకుని ఆకు కొసను నలిపి వాసన చూశాను. కరివేపాకు. మేం కల్యమాకు అంటాం.

"ఇది మన కల్యమాకే కదనే."

"బాయి గోడ్ నింబ్ అన్నది."

"గోడ నింబనా? ఐతె పేరులనే చెప్పిండ్రు, గోడకాడ పెట్టాలని. నింబ్ అంటె వేప. గోడకాడ పెట్టే వేప. మరాఠోళ్లు తెలివిగల్లోళ్లే, ఏడ పెట్టాల్నో పేరులనే పెట్టుకున్నరు."

మా పెరటికి పడమటి వైపు కాంపౌండు గోడ. ఆ గోడ దగ్గరే బట్టలుతికే బండ. బండ కింద నుంచి నీళ్లు చిన్న కాలువలా పోయేవి. ఆ కాలువ పక్కనే, గోడకు జానెడు ఎడంగా మొక్కను పెట్టాం. నాకు ఏ అనుమానమూ లేదు.

వారం తిరక్కుండా బాయి క్లాసులో ఒక్కొక్కరినీ అడిగిందట, మొక్క ఎక్కడ పెట్టారని. అందరూ పెరటి నడుమ పెట్టామన్నారు. మీ అమ్మ అన్నాళ్లకు నోరు తెరిచి, గోడ్ నింబ్, గోడ్ జవళ్ అని చెప్పిందట. జవళ్ అంటే దగ్గర. గోడ దగ్గర పెట్టానని దాని ఉద్దేశం. క్లాసంతా పగలబడి నవ్విందట. ఎవరో పిల్ల లేచి, బెల్లం డబ్బా పక్కన పెట్టావా అని అడిగిందట.

సాయంత్రం సంచి విసిరికొట్టి పెరట్లోకి పోయింది.

"గోడ్ అంటె గోడ కాదంటనే. తీపంట. తీపి వేప అంట. గోడను భింత్ అంటరంట."

నాకు నవ్వాగలేదు.

"నవ్వకు. అందరు నన్ను గుళాచా డబ్బా అంటున్నరు. బెల్లం డబ్బా అని."

"తియ్యటి పేరే పెట్టిండ్రు కదనే."

అది నవ్వలేదు. వంటింట్లోంచి పెద్ద గరిటె తెచ్చి మొక్క మొదట్లో తవ్వడానికి కూర్చుంది.

"ఏం జేస్తున్నవ్?"

"తీసి నడుమ పెడ్త. అందరు నడుమనే పెట్టిండ్రు."

"గింత ఎండల వేరు కదిపితె సచ్చిపోతది. గరిటె ఇటియ్యి."

"నీ గోడ వల్లనే నన్ను నవ్విండ్రు."

"నవ్వినోళ్లు నవ్వనీ. మద్యాన్నం దాటినంక వచ్చి సూడు, నీడ ఏడ పడ్తదో. ఆళ్ల మొక్కలకు పొద్దుగూకే దాక ఎండనే. నీ మొక్కకు గొడుగు పట్టినట్టు గోడ ఉన్నది. మాట తప్పైంది గని జాగ తప్పు గాలె."

ఊరికే అనలేదు. గోడ నీడ సంగతి నాకు బాగా తెలుసు, మధ్యాహ్నాలు అక్కడే కూర్చుని బియ్యం చెరిగేదాన్ని. అది గరిటె ఇచ్చేసింది కానీ నన్ను నమ్మినట్టు మాత్రం కనపడలేదు. ఒంటిపూట బడులు పెట్టాక రోజూ మధ్యాహ్నం బడి నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి నీడ ఎంతవరకు వచ్చిందో చూసేది.

ఇక బూడిద. పవర్‌హౌస్ గొట్టాల నుంచి గాలి మా వైపు తిరిగిందంటే పొద్దున ఆరేసిన తెల్ల తువాలు సాయంత్రానికి రంగు మారేది. మొక్క ఆకుల మీదా అదే పొర. మీ అమ్మ మీ తాత పాత ధోవతి పేలిక తడిపి ఒక్కో ఆకూ తుడిచేది, చంటిపిల్ల మూతి తుడిచినట్టు. నేను చెప్పలేదు ఆ పని.

కొత్త సామాన్లు అంగళ్లలోకి దిగుతున్న రోజులవి. షాంపూ పొట్లాలు, సీసాల్లో చల్లటి రంగు నీళ్లు, వీధి వీధికీ కేబుల్ టీవీ. టీవీలో ఒకావిడ చొక్కా ఎగరేస్తే అది పాలలా మెరిసేది. మీ తాత ఆ బట్టల పొడి ప్యాకెట్టు ఒకటి తెచ్చాడు. అప్పటిదాకా నేను ఇంట్లో బట్టల్ని కుంకుడుకాయ రసంలో నానబెట్టి ఉతికేదాన్ని. ఎప్పుడూ ఆ అలవాటే. సరే, తెచ్చాడు కదా అని మీ అమ్మ బడి చొక్కా ఆ పొడితో ఉతికాను. నిజం చెప్పాలంటే మెరిసింది. మీ అమ్మ అది వేసుకుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. అంతకుముందు పిల్లలు దాని చొక్కాను మళకట్ అనేవాళ్లు, మురికిదని. ఆ రోజు ఎవరూ ఏమీ అనలేదట.

కొన్నాళ్లకు మొక్క ఆకులు పసుపు పచ్చగా తిరిగాయి. కింది ఆకులు రాలాయి. ఎండ అనుకున్నాను నేను. మీ అమ్మ బండ దగ్గర కూర్చుని నురగ కాలువలో పోతుంటే అలాగే చూస్తూ ఉంది.

"అమ్మా, ఈ పొడి వచ్చినంకనే గదా ఆకులు పండుతున్నయ్?"

అప్పుడు చూశాను నేను కూడా. కాలువ అంచున మట్టి తెల్లగా అట్టకట్టి ఉంది. అది నిజమే చెప్పింది.

మరి ఆ నీళ్లు మోరీలో పోసి చెట్టుకు మంచినీళ్లు పోయొచ్చుగా అంటావు. మంచినీళ్లు ఎక్కడివి బిడ్డా. ఏప్రిల్ వచ్చిందంటే నల్లా పొద్దున కాసేపు సన్నటి ధారగా వచ్చి ఆగిపోయేది. తాగడానికి, వండడానికి పట్టుకుంటే సరి. బియ్యం కడిగిన నీళ్లు పోసేవాళ్లమే, అవి ఆ ఎండకు అక్కడే ఆవిరి. వేరుదాకా దిగేన్ని నీళ్లు ఇంట్లో ఒక్క ఉతికిన నీళ్లే.

దానికి ఇదంతా తెలుసు. ఆ రాత్రి అన్నం తింటూ చెప్పింది.

"నా బట్టలు మళ్ల కుంకుడుకాయతోనే ఉతుకమ్మా."

"మళకట్ అంటె ఏడ్వొద్దు మరి."

అది ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. "ఏడ్వ" అంది.

మీ తాత చెయ్యి ఆపాడు. "నా బట్టలు? బొగ్గు, గ్రీజు. కుంకుడుకాయకు పోతదా అది?"

"నీ బట్టలు అమ్మ వాకిట్ల నల్లాకాడ ఉతుకుతది బాపు, ఆ నీళ్లు మోరీలకు పోతయ్. బండకాడికి రానియ్యం."

"ఈ ఇంట్ల పెద్దమనిషి ఎవలే? నేనా, చెట్టా?"

"చెట్టు," అన్నాను నేను. "నీ బట్టలకు పొడి దొరికింది కద, ఇగ అన్నం తిను."

మర్నాటి నుంచి కుంకుడుకాయలు కొట్టి గింజ తీసే పని మీ అమ్మదే. నేను చెయ్యనన్నాను. దానికి కావాలి కాబట్టి అదే చెయ్యాలి. పిల్లలకు బుద్ధులు చెప్పడం కంటే రోకలి ఇవ్వడం మేలని నా నమ్మకం, ఇప్పటికీ. కాలువ అంచున అట్టకట్టిన మట్టిని నేను తీసేసి పెంటమన్ను వేశాను. బడి మూసేదాకా అది ఆ మసక చొక్కాతోనే పోయింది. వాళ్లు అన్నారు, అంటూనే ఉన్నారు. ఇంటికొచ్చి నాకు చెప్పేది కానీ ఏడవలేదు.

మే నెలలో మొక్కకు మిగిలింది పుల్ల, దానికి నాలుగు ఆకులు. మీ తాత చూసి, "ఇగ ఇది అయిపోయినట్టే" అన్నాడు. మీ అమ్మ ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. నేను మాత్రం గోరుతో కాండం మీద గీరి చూశాను. లోపల పచ్చగా ఉంది. పిలిచి చూపించాను. ఆ తర్వాత అది రోజూ గీరబోతే చెయ్యి మీద ఒక్కటి వేశాను, ఊరికే గీరితే అదే చస్తుందని. మృగశిర దగ్గరపడుతుండగా కణుపు దగ్గర గోధుమ గింజంత చిగురు పొడుచుకొచ్చింది. తర్వాత ఇంకొకటి.

బడి తెరిచిన రోజు బాయి ఒక షరతు పెట్టింది. మొక్క బతికిందని గుర్తుగా తలా ఒక ఆకు తెమ్మంది. మర్నాడు పిల్లలు ఆకులు పట్టుకుని పోయారు. కొందరివి బజారులో కొన్నవని చూస్తేనే తెలిసేదట. మీ అమ్మ ఉత్త చేతులతో పోయింది. నేను ఒక ఆకు తుంచి ఇవ్వబోతే నా చెయ్యి పట్టుకుంది.

"ఉన్నయే గిన్ని. తెంపితె ఎట్ల?"

"ఆకు లేకుంటె బాయి ఒప్పుకోదు కదనే."

"నేను చెప్తా."

క్లాసులో దాని వంతు వచ్చింది. చేతులు ఖాళీగా ఉండేసరికి బెల్లం డబ్బా మొక్క చచ్చిందన్నారు ఎవరో. మీ అమ్మ లేచి నిలబడి, ఆకు తెంపను బాయీ, మీరే వచ్చి చూడండి అని మరాఠీలో చెప్పిందట. ఎన్ని తప్పులు పోయాయో తెలియదు. బాయికి అర్థమైంది, అంతే చాలు.

సాయంత్రం బాయి నిజంగానే మా ఇంటికి వచ్చింది. నేను కంగారుగా కుర్చీ వెయ్యబోతే వద్దంది, నేరుగా పెరట్లోకి నడిచింది. గోడ పక్కన మొక్క. మోకాలెత్తు లేదు, కానీ చిగుళ్లు నిగనిగలాడుతున్నాయి. బాయి వంగి వాసన చూద్దామని ఆకు మీద చెయ్యి వేసింది.

"బాయీ, తోడూ నకా," అంది మీ అమ్మ. తెంపొద్దని.

నా పై ప్రాణాలు పైనే పోయాయి, టీచరమ్మను అంత మాటంటుందా అని. బాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. చీర కుచ్చిళ్లు మడిచి పట్టుకుని మట్టిలోనే మోకాళ్ల మీద కూర్చుని, ముక్కు ఆకు దగ్గర పెట్టి వాసన చూసింది. టీ కూడా తాగకుండా పోయింది.

మర్నాడు మీ అమ్మ మోచేతుల దాకా మట్టితో ఇంటికొచ్చింది. మొహం చిటపటలాడుతోంది.

"ఏమైందే, తోట ఇయ్యలేదా?"

"ఇచ్చిండ్రు. ఒక పిల్ల మొక్క మీద బకీటు బకీటే కుమ్మరిస్తున్నదమ్మా. గట్టిగ తిట్టిన."

"మరాఠీల?"

"సగమే. మాటలు దొరకలె. మిగిలింది తెలుగుల తిట్టిన."

"దానికి సమజైందా?"

"బకీటు కింద పెట్టింది."