టీకా కాగితం మీద ఒకే సంతకం

1960ల్లో ప్రత్తిపాడులో హెల్త్ విజిటర్‌గా ఉన్న నన్ను మశూచి సమావేశానికి లండన్ పంపారు. విమానం దిగగానే అధికారి నా టీకా సర్టిఫికెట్ చూసి పక్కన నిలబెట్టాడు.

"వేయించుకున్నవారి సంతకం, వేసినవారి సంతకం ఒకటేనే! దొంగ కాగితం. వెనక్కి పంపేస్తాం" అన్నాడు.

నాకు టీకా వేసింది నేనే మరి! "ముందు నువ్వేసుకో తల్లీ, బతికుంటే మేమూ ఏయించుకుంటాం" అని మిరప కోతకొచ్చిన ఆడవాళ్లు పట్టుబడితే, వాళ్ల ఎదుటే పొడుచుకున్నాను. అదే చెప్పాను. అతను నవ్వలేదు, డాక్టర్ని పిలిచాడు. జాకెట్టు చెయ్యి పైకి లాగాను. ఇంకా పూర్తిగా మానని టీకా పుండును పరీక్షించి, డాక్టరు నన్ను వెళ్లమన్నాడు.

మిరపచేలో కూలీలు, లండన్‌లో దొరలు, అందరూ నా చెయ్యి చూశాకే నన్ను నమ్మారు.