తాడైతే రెండు ముళ్లు వేసేది

మిరప కోతల కాలంలో ఊరొదిలి గుంటూరు వైపు పోవడాన్ని మా ఆలూరు పల్లెల్లో సుగ్గికి పోవడం అంటారు. అంజనమ్మ ఇరవై ఏళ్లుగా మా ఊరి గుంపును సుగ్గికి తీసుకుపోతోంది. ఆమెకు చదువు రాదు. లారీ ఎక్కేటప్పుడు ఒక్కొక్కరి ముఖం చూసి నూలుతాడుకు ఒక్కో ముడి వేస్తుంది. తిరుగు ప్రయాణం రోజు మనిషి ఎక్కగానే ఒక ముడి విప్పుతుంది. ముడి మిగలకపోతేనే లారీ కదలాలి.

మూడేళ్ల కిందట ఆదోనిలో డిగ్రీ మధ్యలో వదిలేసి, ఇంట్లో తిట్లు పడలేక నేనూ ఆ గుంపుతో పోయాను. రెండేళ్లు కంప్యూటర్లు వెలగబెట్టినవాణ్ణి కదా, తాడును చూసి నవ్వాను.

"వచ్చినోళ్ల పేర్లు ఒక జాబితా, ఎక్కినోళ్ల పేర్లు ఇంకో జాబితా అత్తా. మొదటి దాంట్లోని పేర్లన్నీ రెండో దాంట్లో ఉండాయా లేదా ఫోనే సెప్తాది."

"ఇడిసిపెట్టినోని సదువు ఏపాటిదో సూద్దాంలే అప్పా," అని అంజనమ్మ ఆ ఏడాదికి ముళ్లు వేయకుండానే తాడును సంచిలో వేసుకుంది.

ఆమె చెల్లెలు హులిగమ్మ కూడా ఆ గుంపులోనే ఉంది. తల్లి పోయాక అంజనమ్మే సంకన వేసుకుని పెంచిన పిల్ల. కోతల చివరి రోజు పండుకాయతో పాటు పచ్చికాయ కూడా తుంచిందని, అంజనమ్మ ఆమెను అందరి ముందూ చెంప మీద కొట్టింది.

మర్నాడు పొద్దున అందరూ మూటలతో లారీ ఎక్కుతుంటే నేను ఫోన్‌లో పేర్లు కొట్టుకున్నాను. అంతా ఉన్నారని ఫోన్ చూపించింది. చెల్లెలు అలిగి వెనకెక్కడో కూర్చుందనుకుని అంజనమ్మ డ్రైవర్ పక్కన కూర్చుంది. దారిలో దిగి చూడలేదు. కోపం ఆమెకూ తగ్గలేదు.

ఆదోనిలో దిగి చూస్తే హులిగమ్మ లేదు.

హులిగి అమ్మవారికి మొక్కుకుంటే పుట్టిన ఆడపిల్లలకు మావైపు ఆ పేరే పెడతారు. గుంపులో ఇద్దరు హులిగమ్మలు. ఎక్కింది ఒకామే. ఫోన్‌లో నేను రాసిన ప్రోగ్రాం మొదటి హులిగమ్మకు ఎక్కినవాళ్ల జాబితాలో ఆ పేరు వెతికింది, దొరికింది. రెండో హులిగమ్మకూ మళ్లీ అదే పేరు చూసి ఉంది అనేసింది. ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టమని నేను రాయలేదు. తాడైతే రెండు ముళ్లు వేసేది.

మేం కోసిన చేను రైతుకు ఫోన్ చేశాం. వేరే గుంపుతో పోయింది, ఎటు పోయిందో తెలీదన్నాడు.

"ఆడనే తెలిసింటే దిగి గడ్డం పట్టుకొని బతిమాలుకుంటుంటి," అంది అంజనమ్మ. నన్నొక్క మాట అనలేదు. అప్పట్నుంచి ఏ ఊరి గుంపు ఎదురైనా లారీలోని ఆడవాళ్ల ముఖాలు చూస్తుంది.

ఇప్పుడు నేను ఎమ్మిగనూరులో ఒక జిరాక్స్ షాపులో ఉన్నాను. ప్రోగ్రాం సరిచేశాను. తిరిగొచ్చే రోజు అంజనమ్మ తాడు ముళ్లు విప్పుకున్నాక కూడా నాకు ఫోన్ చేసి ఎక్కినవాళ్ల పేర్లు చెబుతుంది. సుగ్గికి పోయినవాళ్ల జాబితాలో రెండో హులిగమ్మ పేరు మాత్రం తీసెయ్యనివ్వదు.

మొన్నా అంతే.

"ఏమంటాదప్పా నీ ఫోను?"

"ఒకరు తక్కువ అంటాది అత్తా."

"ఒగ గడియ ఆగమంటా డ్రైవరును."

ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. అటువైపు ఇంజను ఆడుతూనే ఉంది.