ఫోన్ మీద పోగుల లెక్క

సిరిసిల్లలో పని దొరకక ఐలయ్య నేతపనికి మహారాష్ట్రలోని భీవండి పోయాక, ఇన్నేళ్లూ నూలు కండెలు చుట్టిన అతని భార్య రాజలక్ష్మి ఇంట్లో మిగిలిన ఒక్క సాంచాను, అంటే మరమగ్గాన్ని, నడపడం నేర్చుకుంది. ఆమె నేసిన చీరలు అమ్మడానికి కూతురు శ్రీలత వెబ్‌సైట్ పెట్టింది. నెలకు పది అమ్ముడుపోతే ఐలయ్య ఇంటికి వచ్చేయొచ్చని వాళ్ల ఆశ. మూడు నెలల్లో పోయినవి రెండే. అందులో ఒకటి పక్కింటివాణ్ణి కాబట్టి మొహమాటానికి నేను కొన్నది.

లోపం చీరల్లో లేదని శ్రీలత కనిపెట్టింది. పెద్ద ఫొటోలు ఉన్నవి ఉన్నట్టే ఎక్కించడంతో, పేజీ తెరుచుకునేలోపే జనం విసిగి పోతున్నారు.

"ఫొటోలు తేలికగ చేస్తనే అమ్మా. పదోవంతుకు దించినా కంటికి తేడా తెల్వది."

రాజలక్ష్మికి చర్రుమంది. పోగులు పలచన చేసి, గంజి దట్టించి అమ్మేవాళ్లంటే ఆమెకు పడదు.

"కంటికి తెల్వకపోతే మోసం కాదా? మీ నాయిన ఎన్నడన్న గట్ల నేసిండా?"

"గిది బట్ట కాదే, ఫొటో!"

"సూద్దాం తే." గూట్లోంచి పోగులు లెక్కపెట్టే భూతద్దం తెచ్చి ఫోన్ మీద పెట్టి, సూది మొనతో లెక్క మొదలుపెట్టింది. నేను నవ్వు ఆపుకోలేక దగ్గాను.

"దీంట్ల పోగులే లేవు గదనే! ఎర్రయి, పచ్చయి, నీలియి చుక్కలున్నయి."

శ్రీలత అప్పటికప్పుడు ఒక ఫొటో తగ్గించి చూపింది. "గీ తేలికచేసిన ఫొటోల?"

"గండ్ల గూడ గవే." భూతద్దం పక్కన పెట్టింది. "సరే చెయ్యి. మీ నాయిన సూసి తప్పంటే మళ్ల పాతయే పెట్టాలె."

సాయంత్రానికి అన్నీ మార్చి, శ్రీలత తండ్రికి ఫోన్ కలిపింది. వెబ్‌సైట్ తెరిచి చూడమంది.

"బిడ్డా, కుంకుమరంగు చీర కొంగు కాడ అడ్డపోగు తప్పింది. సన్నగ గీత వడ్డది. మీయమ్మ సూసుకోలె."

రాజలక్ష్మి ఫోన్ లాక్కుంది. "మూడు నెల్లసంది మస్తున్నయి, మస్తున్నయి అన్నవు. గిప్పుడు కనవడ్డదా నీకు?"

ఐలయ్య నసిగాడు. "నా ఫోన్ల ఎన్నడు ఓపెన్ కాలేదే. ఉత్త తెల్ల డబ్బాలే అచ్చేటియి. నీ పానం చిన్నవోతదని గట్లన్న."

నేను గోడ గడియారం చూడసాగాను. అది ఆగిపోయి ఉంది.

"ఇంకేం తప్పులున్నయో చెప్పు మరి," అంది రాజలక్ష్మి, గొంతు తగ్గించి.

"ఆగే, ఒక్కోటి సూస్తున్న."

పద్నాలుగు చీరలూ చూసేదాకా ఆమె ఫోన్ చెవికి ఆనించుకుని గడప మీదే కూర్చుంది.

ఆ నెల ఏడు పోయాయి. పది కాలేదు. అయినా, ఒకసారి సాంచా చూసిపోతానని ఐలయ్య బస్సెక్కి వచ్చాడు. తిరిగి పోయే మాట ఇంతవరకు ఎత్తలేదు. మేమూ అడగలేదు.